ఫ్రెంచ్ వైన్ బార్: హైదరాబాద్‌లో తరచుగా వినిపించే అపోహలు, వాస్తవాలు

జూబ్లీహిల్స్‌లో ఫ్రెంచ్ పద్ధతిలో వైన్ బార్, రెస్టారెంట్ నడుపుతున్నాను. ఫ్రాన్స్‌లో అక్కడి చలికీ, అక్కడి వంటకీ తగినట్టు ఏర్పడిన నియమాలను, కారణం తెలియకుండా ఇక్కడ పాటించబోయి వైన్ రుచినే పోగొట్టుకునే అతిథులు తరచుగా కనిపిస్తుంటారు.

అపోహ: రెడ్ వైన్‌ను గది ఉష్ణోగ్రత వద్దనే తాగాలి.

వాస్తవం: ఆ మాట పుట్టిన కాలపు ఫ్రెంచ్ ఇళ్లలో గది అంటే సుమారు 16 నుంచి 18 డిగ్రీలు. మే నెలలో హైదరాబాద్ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఏసీ వేసిన హాలు కూడా 24 డిగ్రీల దగ్గరే ఉంటుంది. అంత వెచ్చదనంలో ఆల్కహాలు ఘాటు ముందుగా ముక్కుకు తగిలి, పండ్ల పరిమళం అణిగిపోతుంది. అందువల్ల ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు రెడ్‌ను 16–18 డిగ్రీల వద్ద, బోజోలే వంటి తేలికపాటి రెడ్‌ను 12–14 డిగ్రీల వద్ద వడ్డిస్తాం. ఇంట్లోనైతే తాగే ముందు సీసాను అరగంటసేపు ఫ్రిజ్‌లో ఉంచితే సరిపోతుంది.

అపోహ: మాంసానికి రెడ్, చేపకు వైట్.

వాస్తవం: వెన్న, మీగడ ఎక్కువగా, కారం నామమాత్రంగా ఉండే ఫ్రెంచ్ వంటకు ఈ లెక్క చాలావరకు కుదురుతుంది. మన వంట విషయంలో మాత్రం మాంసమా, చేపా అన్నదానికంటే కారమెంత, పులుపెంత అన్నదే ముఖ్యం. మిరపకారపు మంటను ఆల్కహాలు పెంచుతుంది, ద్రాక్ష తొక్కల నుంచి రెడ్ వైన్‌లోకి వచ్చే టానిన్ల వగరు దానికి తోడవుతుంది. కాబట్టి గోంగూర మాంసం పక్కన ఆల్కహాలు 14 శాతం దాటిన బరువైన కాబర్నే రెడ్ పెట్టుకుంటే రెండూ చెడతాయి. పైగా గోంగూర పులుపుకు దీటైన పులుపు వైన్‌లో లేకపోతే ఆ వైన్ చప్పగా తోస్తుంది కనుక, మాంసమే అయినా నేను ఫ్రాన్స్‌లోని లువార్ లోయలో తయారయ్యే, పులుపు బాగా ఉండే సాన్సేర్ వైట్‌ను సూచిస్తాను. బిర్యానీని మిర్చీ కా సాలన్‌తో తినేవారికి కొంచెం తీపి మిగిల్చి చేసిన వూవ్రే అనే ఫ్రెంచ్ వైట్ నప్పుతుంది. దానికి వాడే షెనాన్ బ్లాంక్ ద్రాక్షతోనే నాసిక్‌లో చేసే వైన్ ఇంకా తక్కువ ధరకు దొరుకుతుంది. తీపి వైన్ అడగడానికి నామోషీ పడేవారిని చూస్తే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

అపోహ: రోజూ ఒక గ్లాసు రెడ్ వైన్ గుండెకు మంచిది.

వాస్తవం: కొవ్వు ఎక్కువగా తిన్నా ఫ్రెంచ్ వారికి గుండెజబ్బులు తక్కువని, అందుకు రెడ్ వైనే కారణమని చెప్పే ‘ఫ్రెంచ్ పారడాక్స్’ పేరుతో 1990లలో ఈ నమ్మకం బాగా వ్యాపించింది. ఆల్కహాలు ఎంత తక్కువైనా ఆరోగ్యానికి సురక్షితమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టం చేసింది. ఆరోగ్యం పేరు చెప్పి వైన్ అమ్మడం నాకు సమ్మతం కాదు.

అపోహ: సీసా ధరలో అధిక భాగం రెస్టారెంట్ లాభమే.

వాస్తవం: దిగుమతి వైన్‌పై ఏళ్ల తరబడి 150 శాతం కస్టమ్స్ సుంకం ఉంటూ వచ్చింది, దానిపై రాష్ట్ర పన్నులు అదనం. మితిమీరిన లాభం వేసుకునే చోట్లు లేవని అనను. అయితే 750 మిల్లీలీటర్ల సీసాకు 150 మిల్లీలీటర్ల గ్లాసులు ఐదే వస్తాయి. తెరిచిన సీసా కొద్ది రోజుల్లోనే రుచి కోల్పోతుంది కనుక, అమ్ముడుపోని గ్లాసుల నష్టం కూడా గ్లాసు ధరలో కలుస్తుంది.

అపోహ: సీసా తెరవగానే పోసే గుక్కెడు వైన్ మీకు నచ్చిందో లేదో తెలుసుకోవడానికి.

వాస్తవం: అది సీసాలో లోపముందేమో చూడడానికి. బిరడా నుంచి వైన్‌కు దోషం పట్టి ఉంటే తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది. అప్పుడు సీసా మార్చమని నిస్సంకోచంగా అడగవచ్చు. రుచి నచ్చుతుందో లేదో అన్న సందేహముంటే, గ్లాసుల్లో అమ్మే వైన్లను ఆర్డరుకు ముందే కాస్త రుచి చూపించమని అడగండి.