చైనా ఉద్యోగాల్లో ‘35 గండం’ ఎక్కడ మొదలైంది?

2025 అక్టోబరులో వచ్చిన చైనా సివిల్ సర్వీసు నోటిఫికేషన్‌లో గరిష్ఠ వయసు 35 నుంచి 38కి పెరిగింది. 2026లో పీజీ, పీహెచ్‌డీ ముగించేవారికైతే 43. దాంతో పాత గొడవ మళ్లీ రాజుకుంది. సర్కారు సడలించింది సరే, 35 దాటితే దరఖాస్తే చూడని కంపెనీల సంగతేమిటి?

చైనా నేత డెంగ్ జియావోపింగ్ తెచ్చిన మార్కెట్ సంస్కరణల కథ అందరికీ తెలిసిందే. అసలు మలుపు 1994లో ఉంది. ఆ ఏడాది వచ్చిన సివిల్ సర్వీసు నియామక నిబంధనలు అభ్యర్థికి 35 ఏళ్ల పరిమితి పెట్టాయి. అదే ఏడాది ఆమోదించిన కార్మిక చట్టం, 12వ నిబంధనలో, తెగ, జాతి, లింగం, మతం చూసి ఉద్యోగం నిరాకరించొద్దంది. వయసు ఊసెత్తలేదు. ప్రభుత్వమే గీత గీశాక, అడ్డుకునే చట్టమూ లేనప్పుడు, ప్రైవేటు యజమాని ఎందుకు ఆగుతాడు? మన దగ్గర కూడా ‘ఏజ్ బార్’ అన్న మాట సర్కారు కొలువుల నుంచే జనం నోట్లో పడింది.

2008లో అమల్లోకొచ్చిన ఉపాధి ప్రోత్సాహక చట్టం వికలాంగులకు, పల్లెల నుంచి వలసొచ్చిన కూలీలకు, హెపటైటిస్-బి లాంటి అంటువ్యాధి క్రిములున్నవారికి రక్షణ ఇచ్చింది. వయసును మళ్లీ వదిలేసింది.

అమెరికాలోనూ మొదట్లో ఇదే తీరు. అక్కడి లేబర్ సెక్రటరీ విల్లార్డ్ విర్ట్జ్ 1965లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రైవేటు ఖాళీల్లో దాదాపు సగం 55 దాటినవారికి, పావు వంతు 45 దాటినవారికి దక్కేవి కావు. రెండేళ్లకు, 1967లో, 40 దాటినవారి కోసం చట్టం తెచ్చారు. వివక్ష పోలేదు గానీ కోర్టుకెక్కే దారి దొరికింది. ఇవాళ అమెరికా రెజ్యూమెలో ఫొటో, పుట్టిన తేదీ పెట్టరు. చైనా దరఖాస్తులో పై మూలన ఫొటో, దాని పక్కనే పుట్టిన సంవత్సరం, నెల ఉంటాయి. చాలావాటిలో పెళ్లయిందా లేదా అన్నది కూడా. అనుభవం దాకా చదవకముందే చూపు ఆ సంవత్సరం దగ్గర ఆగిపోతుంది.

కుర్రాళ్లు తక్కువ జీతానికి ఎక్కువ గంటలు పనిచేస్తారని కంపెనీలు అంటాయి. బిడ్డను బడిలో వేసి మళ్లీ పని వెతుక్కునే తల్లికి ఏం జవాబు చెబుతాయి? ముగ్గురు పిల్లల్ని కనొచ్చని 2021లో చెప్పిన దేశమది. పైగా 2025 జనవరి నుంచి పదవీ విరమణ వయసు మెల్లగా పెరుగుతోంది, మగవాళ్లకు 60 నుంచి 63 దాకా. 36వ ఏట తలుపు మూస్తే మిగిలిన 27 ఏళ్లు ఏం తిని బతకాలి?

38 అన్నది సర్కారు పరీక్షకే పరిమితం. 1994 నాటి 12వ నిబంధనలో వయసు అన్న మాట ఇంకా చేరలేదు.