మూడు నెలల చక్రవర్తి వెండి నాణెం

సామాన్య శకం 69, జనవరి 15. రోమ్ నడిబొడ్డున గాల్బా చక్రవర్తిని సైనికులే నరికి చంపారు. అతన్ని గద్దెనెక్కించేటప్పుడు అంగరక్షక దళానికి పెద్ద మొత్తం ఆశ చూపారు. తీరా ఎక్కాక, సైనికుల్ని ఎంచుకుంటాను గానీ కొనుక్కోనని గాల్బా తెగేసి చెప్పాడు. ఆ కోపాన్ని వాడుకుని ఒథో అనే రోమన్ ప్రముఖుడు అదే రోజు చక్రవర్తి అయ్యాడు. ఇక కొత్త చక్రవర్తి బొమ్మతో నాణేలు కొట్టాలి, టంకశాలకు చేతినిండా పని పడింది.

అప్పట్లో లీజియన్ (రోమన్ సైన్యపు ప్రధాన దళం) సైనికుడి ఏడాది జీతం 225 దెనారియస్‌లు. దెనారియస్ అంటే మూడు గ్రాములు దాటిన వెండి బిళ్ల, మన రూపాయి కంటే కాస్త చిన్నది. దిమ్మెలో బిగించిన అచ్చు మీద బిళ్ల పెట్టి, పై అచ్చు ఆనించి, సుత్తితో కొట్టేవారు. బొమ్మా బొరుసూ ఒకేసారి పడతాయి. చేతి పని కదా, బొమ్మ పక్కకి జరగడం, అక్షరం అంచు దాటిపోవడం మామూలే. నాకు అలాంటివే ఎక్కువ ఇష్టం. కొట్టిన మనిషి చేతి తీరు వాటిలోనే తెలుస్తుంది.

ఒథో బొమ్మను దగ్గరగా చూడండి. బలిసిన మెడ, తల మీద వరసలు వరసలుగా అలలు తేలిన జుట్టు. జుట్టు పల్చబడి, ఎవరూ పసిగట్టలేనంత చక్కగా అమరే విగ్గు పెట్టుకునేవాడని చరిత్రకారుడు స్వెటోనియస్ రాశాడు. చెక్కినవాడు ఆ అలలను ఒక్కొక్కటిగా, ఎంతో ఓపికగా తీర్చాడు.

బొరుసు వైపు కొన్నింటి మీద 'పాక్స్ ఆర్బిస్ తెర్రారుం' అని ఉంటుంది. లోకమంతటికీ శాంతి అని అర్థం. ఆ మాట చెక్కేనాటికే రైన్ నది తీరపు రోమన్ సైన్యాలు తమ సేనాని విటెల్లియస్‌ను చక్రవర్తిగా ప్రకటించి ఇటలీ మీదికి వస్తున్నాయి. ఏప్రిల్ 14న ఉత్తర ఇటలీలోని బెద్రియాకుం దగ్గర ఒథో సేన ఓడిపోయింది. పోరాడే బలగం ఇంకా ఉంది. అయినా తన కోసం మరింత రక్తం పారడం ఇష్టంలేక 16న పొడుచుకుని చనిపోయాడు. అప్పటికి వయసు 36.

తెలుగు నేల మీద ఈ కాలపు వెండి అరుదు. నల్గొండ జిల్లా అక్కెనపల్లి లాంటి చోట్ల దొరికిన రోమన్ వెండిలో అంతకుముందరి చక్రవర్తులు అగస్టస్, టైబీరియస్ నాణేలదే పైచేయి. 64లో నీరో చక్రవర్తి దెనారియస్ తూకం తగ్గించాడు. అంతకుముందు ఒక రోమన్ పౌను (దాదాపు 325 గ్రాములు) వెండికి 84 నాణేలు వచ్చేవి, తర్వాత 96 కొట్టారు. బరువు తగ్గిన వెండి మీద ఇక్కడి వర్తకులకు మక్కువ పోయిందన్న వాదన నాకు సబబుగానే అనిపిస్తుంది.

రోమన్ రాజ్యంలో మాత్రం ఒథో పోయినా అతని వెండి చెల్లుతూనే ఉంది. రెండో శతాబ్దంలో పాతిపెట్టిన నిధుల్లోనూ ఆ నాణేలు బయటపడుతుంటాయి, ఎన్నో చేతులు మారి, ముక్కూ అక్షరాలూ అరిగిపోయి.