దివ్యాంగ బాలలకు మైదానంలో రక్షణ: చట్టం ఎంత దూరం వచ్చింది?

2024 పారిస్ పారాలింపిక్స్‌లో వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి 400 మీటర్ల టీ20 పరుగులో కాంస్యం గెలిచింది. టీ20 మేధోవైకల్యం ఉన్న క్రీడాకారుల విభాగం. అలాంటి బిడ్డ పుడితే నలుగురి కంట పడకుండా ఇంట్లోనే ఉంచే కుటుంబాలు ఇప్పటికీ ఉన్న చోట ఆ పతకం విలువ చాలా పెద్దది. కానీ బిడ్డను మైదానానికి పంపాలనుకునే తల్లికి ముందుగా కావలసింది పతకం కాదు, అక్కడ తన బిడ్డను చూసుకునేది ఎవరన్న ప్రశ్నకు జవాబు. ఆ జవాబును చట్టాల్లోకి ఎక్కించడానికి ప్రపంచం చాలా ఆలస్యం చేసింది. ఎక్కించినప్పుడల్లా దాని వెనక దెబ్బతిన్న పిల్లలు ఉన్నారు.

బ్రిటన్‌లో కదలిక తెచ్చింది ఈత కోచ్ పాల్ హిక్సన్ కేసు. 1988 సియోల్ ఒలింపిక్స్‌కు బ్రిటిష్ ఈతగాళ్లను తీసుకువెళ్లిన ఇతనికి, తన దగ్గర శిక్షణ పొందిన అమ్మాయిలపై అత్యాచారాలకు పాల్పడినందుకు 1995లో 17 ఏళ్ల జైలుశిక్ష పడింది. క్రీడల్లో ఇలాంటివి జరుగుతున్నాయని పరిశోధకురాలు సీలియా బ్రాకెన్‌రిడ్జ్ అంతకు ముందు నుంచే చెబుతున్నా క్రీడాసంఘాలు పెద్దగా పట్టించుకోలేదు. క్రీడల్లో బాలల రక్షణ కోసం ప్రత్యేక విభాగం 2001లో గానీ ఏర్పడలేదు. మరుసటి ఏడాది సోహమ్ పట్టణంలో ఇద్దరు పదేళ్ల బాలికలను ఒక పాఠశాల కేర్‌టేకర్ చంపాడు. అతడి మీద అంతకుముందే వచ్చిన ఆరోపణలు వేరే ప్రాంతపు పోలీసులకు తెలుసు, ఉద్యోగం ఇచ్చిన పాఠశాలకు మాత్రం తెలియలేదు. ఆ ఘటనపై జరిగిన విచారణ ఫలితంగా 2006లో వచ్చిన చట్టం జీతానికి పనిచేసేవారితో పాటు స్వచ్ఛందంగా పనిచేసేవారినీ తనిఖీ పరిధిలోకి తెచ్చింది. ఈ చివరి మాట గుర్తుంచుకోవాలి.

దివ్యాంగ పిల్లల విషయం ఇంకా క్లిష్టం. ధనిక దేశాల అధ్యయనాలను క్రోడీకరించి 2012లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించిన పరిశోధన ప్రకారం, మిగతా పిల్లలతో పోలిస్తే వీరు హింసకు గురయ్యే అవకాశం 3.7 రెట్లు ఎక్కువ. మానసిక, మేధోవైకల్యం ఉన్నవారిపై లైంగిక హింస ముప్పు 4.6 రెట్లు. దీనికి కారణం వైకల్యమే అనుకోవడం తప్పు. చక్రాల కుర్చీలోంచి బిడ్డను ఎత్తి ఆట కుర్చీలో కూర్చోబెట్టాలి, బట్టలు మార్చాలి, మరుగుదొడ్డికి తీసుకువెళ్లాలి. మామూలు పిల్లల విషయంలో పరాయివాళ్లు తాకకూడదని చెప్పే హద్దులన్నీ ఇక్కడ రోజూ అవసరం కొద్దీ దాటవలసినవే. మాట రాని పిల్లలు వేలితో చూపించే బొమ్మల పలకను చూడండి. అన్నం, నీళ్లు, బంతి, అమ్మ ఉంటాయి. ఒంటి భాగాల బొమ్మలు, ‘వద్దు, నన్ను ముట్టుకున్నాడు’ అని చెప్పే బొమ్మ చాలా పలకల్లో కనిపించవు. ఆ బిడ్డకు ఫిర్యాదు చేసే దారిని మూసేసింది పెద్దలమే.

మన దేశంలో బాలలను లైంగిక నేరాల నుంచి కాపాడేందుకు 2012 నవంబరు 14న అమలులోకి వచ్చిన పోక్సో చట్టం ఈ విషయంలో మంచి పునాది వేసింది. పిల్లల వైకల్యాన్ని ఆసరాగా తీసుకుని చేసే దాడిని తీవ్ర నేరంగా పరిగణించింది. వాంగ్మూలం తీసుకునేటప్పుడు ప్రత్యేక ఉపాధ్యాయుల సాయం తీసుకునే వీలు కల్పించింది. నేరం జరిగిందని తెలిసీ పోలీసులకు చెప్పకపోతే శిక్ష పడుతుంది, సంస్థ బాధ్యులైతే ఏడాది వరకు జైలు. ‘సంస్థ పరువు పోతుంది, మనలో మనం సర్దుకుందాం’ అనే పెద్దమనుషుల పంచాయితీకి చట్టంలో చోటు లేదు.

అయితే పోక్సో దృష్టిలో బాలలంటే 18 ఏళ్లు నిండనివారు. మానసిక వయసును లెక్కలోకి తీసుకోవాలని సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు అదుపులో లేని స్థితి) ఉన్న ఒక మహిళ తరఫున వేసిన కేసులో, చట్టంలో లేని అర్థాన్ని తాము చేర్చలేమని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. పదేళ్ల పిల్లలూ పాతికేళ్లవారూ కలిసి ఆడే దివ్యాంగ క్రీడాసంఘాల్లో పక్కపక్కన నిలబడిన ఇద్దరికి చట్టం ఇచ్చే రక్షణ ఒకటి కాదన్నమాట.

2020 మార్చి నాటి పోక్సో నియమాలు క్రీడా అకాడమీలను పేరు పెట్టి ప్రస్తావించాయి. పిల్లలతో మెలిగే సిబ్బంది పూర్వాపరాలను పోలీసుల ద్వారా ఎప్పటికప్పుడు తనిఖీ చేయించాలని, వారికి శిక్షణ ఇవ్వాలని చెప్పాయి. రెగ్యులర్, కాంట్రాక్టు తేడా లేదన్నాయి కానీ, ఆ వాక్యం ఉద్యోగుల దగ్గరే ఆగిపోయింది. బస్తీల్లో నడిచే దివ్యాంగ క్రీడాసంఘాల్లో ఉద్యోగులెందరు? ఆదివారం వచ్చే కాలేజీ విద్యార్థులు, వ్యాను నడిపే తెలిసినాయన, పొరుగింటి అన్నయ్య, వీళ్లే కదా బిడ్డను ఎత్తేదీ దించేదీ! వీరిలో ఎక్కువమంది మనసున్నవారే, వారు లేకపోతే ఆటే ఉండదు. అయినా తనిఖీ అందరికీ ఉండాలి. చట్టం అడగకపోయినా సంఘాలు తామే అడగవచ్చు, ఆపేవారు లేరు. బిడ్డకు బట్టలు మార్చేటప్పుడు ఎవరు దగ్గరుండాలో తల్లితో మాట్లాడి రాసి పెట్టుకోవచ్చు. బాలల సహాయవాణి 1098 నంబరును గోడ మీద రాయించి, పలకలో లేని ఆ బొమ్మలను చేర్చడానికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదు.