మిల్వాకీ నీళ్లు, దూడల మీద నింద

1993 ఏప్రిల్ మొదటి వారంలో అమెరికాలోని మిల్వాకీ నగరంలో విరేచనాలు ఆపే మందులు షాపుల్లో దొరక్కుండా పోయాయి. స్కూళ్లలో పిల్లలతో పాటు టీచర్లూ రావడం మానేశారు. మలపరీక్షల్లో మామూలుగా వెతికే బ్యాక్టీరియా ఏదీ కనబడలేదు. ఏప్రిల్ 7న తెలిసింది, దోషి క్రిప్టోస్పొరీడియం అనే ఏకకణ పరాన్నజీవి అని. ఆ సాయంత్రమే మేయర్ నీళ్లు కాచి తాగమని ప్రకటించారు. అప్పటికే ఆలస్యమైంది. మొత్తం 4 లక్షల మందికి పైగా జబ్బుపడ్డారని తర్వాత లెక్క తేలింది.

ఆ నీళ్లు మురికి గుంటవి కావు. మిషిగన్ సరస్సు నుంచి తెచ్చి, వడకట్టి, క్లోరిన్ కలిపినవే. కానీ దక్షిణాన ఉన్న శుద్ధి కేంద్రంలో ఆ రోజుల్లో వడపోత సరిగ్గా సాగలేదు, నీటిలో మసక పెరిగింది. ఇక క్లోరిన్ సంగతా? ఈ జీవి ఊసిస్ట్ అనే గట్టి పెంకులో ఉండి బయట తిరుగుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము క్లోరిన్ ఉన్న నీటిలో అది పది రోజుల దాకా బతకగలదు. సైజు 4 నుంచి 6 మైక్రాన్లు, అంటే ఎర్ర రక్తకణం కన్నా చిన్నది.

కడుపులోకి వెళ్లాక పెంకు విచ్చుకుని నాలుగు చిన్న జీవులు బయటికొస్తాయి. చిన్నపేగు గోడ కణాలను అంటుకుని, ఆ కణం పొరనే దుప్పటిలా కప్పుకుంటాయి. పూర్తిగా లోపలికి పోవు, బయటా ఉండవు. అక్కడే పెరిగి కొత్త ఊసిస్టులను తయారుచేస్తాయి. పల్చటి పెంకువి పేగులోనే పగిలి మళ్లీ అదే మనిషికి సోకుతాయి, మందపువి మలంతో బయటికి పోతాయి. కోళ్ల రైతులకు బాగా తెలిసిన పేగు జబ్బు కాక్సిడియోసిస్‌ను తెచ్చే క్రిమి దీనికి దూరపు చుట్టమే. కాకపోతే ఆ క్రిమి ఊసిస్టు రెట్టతో బయటపడ్డాక సోకే స్థితికి రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. దీనికి ఆ ఆలస్యం కూడా లేదు, బయటికొచ్చిన క్షణం నుంచే సిద్ధం.

మిల్వాకీలో అందరి వేళ్లూ ముందు ఆవుల వైపే చూపాయి. ఆ నగరం ఉన్న విస్కాన్సిన్ పాడి రాష్ట్రం, పైగా మంచు కరిగి వానలు పడుతున్న కాలం. అనుమానం మరీ అన్యాయమేమీ కాదు. పుట్టిన మొదటి కొన్ని వారాల్లో దూడలకు వచ్చే పారుడుకి ఈ జీవిలోనే ఒక రకమైన క్రిప్టోస్పొరీడియం పార్వం ఒక ముఖ్య కారణం. ఒక్క దూడ పేడలో రోజుకు కోట్ల ఊసిస్టులు పోతాయి. మనుషుల్లో ఈ జబ్బును మొదటిసారి గుర్తించింది 1976లో. అప్పటి రోగుల్లో ఒకరు ఆవులున్న పొలం ఇంట్లో పెరుగుతున్న మూడేళ్ల పాప.

అయితే మిల్వాకీ రోగుల నుంచి తీసి దాచి ఉంచిన నమూనాల్లో కొన్నింటికి తర్వాత జన్యు పరీక్షలు చేస్తే కథ తిరగబడింది. దొరికింది దూడల రకం కాదు, ప్రధానంగా మనుషుల్లోనే తిరిగే రకం. దానికి 2002లో క్రిప్టోస్పొరీడియం హోమినిస్ అని వేరే పేరు పెట్టారు. అంటే సరస్సులో కలిసింది చాలావరకు నగరం మురుగే అయి ఉండాలి.

ఆరోగ్యవంతులకు ఒకటి రెండు వారాల్లో దానంతటదే తగ్గుతుంది. ఎయిడ్స్ రోగులకు మాత్రం అది ప్రాణాంతకమైంది, మిల్వాకీ మృతుల్లో ఎక్కువమంది వాళ్లే. నైటజాక్సనైడ్ అనే మందు ఉన్నా రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారిలో నమ్మకంగా పనిచేయదు. మామూలు మలపరీక్షలో ఇది తప్పిపోవడమూ మామూలే, ప్రత్యేకమైన రంగు వేసి వెతకాలి.

మన ఊళ్లలో ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ కలిపితే కలరా, టైఫాయిడ్ క్రిములు చస్తాయి, అది మానకూడదు. దీనికి మాత్రం మరిగించడం నమ్మకమైన దారి. తెర్లే నీళ్లలో ఒక్క నిమిషం చాలు. దూడల పాకలో పనిచేశాక శానిటైజర్ రాసుకుని ఊరుకోకుండా సబ్బుతో కడుక్కోవాలి, ఆల్కహాల్‌కు ఈ పెంకు లొంగదు. ఈ జబ్బు వచ్చినవాళ్లు విరేచనాలు తగ్గాక ఇంకో రెండు వారాలు స్విమ్మింగ్ పూల్‌లో దిగకూడదు.