గండుకోతిని పట్టిస్తే గుంపు పోతుందా?

కోనసీమ లంకల్లో పశువైద్యుడిగా తిరిగే నన్ను ఈమధ్య గేదెల గురించి కన్నా కోతుల గురించే ఎక్కువగా అడుగుతున్నారు. "ఆ గండుకోతినొక్కదాన్నీ పట్టించేస్తే మిగతావి వాటంతటవే పోతాయి కదండీ డాక్టరుగారూ" అనే మాట వినని వారం లేదు. రైతుల చేత వృథాగా డబ్బు ఖర్చు పెట్టించే అపోహ ఇదే.

గండుకోతి గుంపుకు యజమాని కాదు, ఇల్లరికం వచ్చిన అల్లుడు. తల్లులు, కూతుళ్లు, అక్కచెల్లెళ్లు పుట్టిన గుంపులోనే చివరిదాకా ఉంటాయి, కూతురి హోదా తల్లి హోదాను బట్టే నిర్ణయమవుతుంది. ఈడొచ్చిన మగవి మాత్రం బయటికి వెళ్లి మరో గుంపులో చోటు వెతుక్కుంటాయి. అందువల్ల మగదాన్ని తీసేస్తే ఖాళీ అయ్యేది దాని స్థానమే. మూడేళ్ల క్రితం ఒక లంకలో చందాలు వేసుకొని గండుకోతిని బోనులో పట్టించి ఏటి అవతల వదిలించారు (అవతలి ఊరివాళ్లను ఎవరూ అడగలేదు). నెల తిరక్కుండానే చెవి చిరిగిన మరో మగకోతి వచ్చి చేరింది. ఆ గుంపును చక్కెరకేళి తోటలోకి నడిపించినది మాత్రం ఎప్పటి ముసలి ఆడకోతే. అది పళ్లు తుంచి దవడ సంచుల్లో కుక్కుకొని, కొబ్బరిచెట్టు ఎక్కి, చేతి వెనుక భాగంతో బుగ్గను నొక్కుకుంటూ తీరిగ్గా నమలడం గట్టు మీద నిలబడి చూశాను. గెల పోయిన రైతు కడుపుమంట కొబ్బరి రైతు బిడ్డగా నాకు తెలియనిది కాదు, కానీ వంతెన దగ్గర పుణ్యానికి పళ్లు విసరడం, కుళ్లిన కాయలను తోట పక్కన పోయడం సాగినంతకాలం ఏ బోనూ పనిచేయదు.

ఇక పళ్లు ఇకిలించే కోతి నవ్వడం లేదు, సాధారణంగా భయపడుతోంది. నోరు తెరిచి గుడ్లురిమి చూస్తే అది బెదిరింపు, అప్పుడు కళ్లలోకి చూడకుండా వెనక్కి తగ్గాలి. ఆంజనేయస్వామి అంశ కనుక కాటుతో ప్రమాదం లేదని పసుపు అద్ది ఊరుకునేవారిని చూస్తే మాత్రం నాకు కోపం ఆగదు. కోతి కాటుతోనూ రేబిస్ రావచ్చు; గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టాలి.

కోతులన్నీ ఎక్కడినుంచో వచ్చిపడ్డవే అనడమూ తప్పు. పొట్టి తోక, ఎర్రటి పిరుదుల రీసస్ కోతికి గోదావరి దక్షిణపు హద్దని ఒకప్పుడు చెప్పేవారు, ఇప్పుడది నది దాటింది. ఒంటి కన్నా పొడవైన తోక, నడినెత్తిన టోపీలా విచ్చుకున్న జుట్టు ఉన్న కోతి దక్షిణ భారతానికే చెందినది, అడవి పళ్ల గింజలను దూరాలకు మోసుకుపోయి చెట్లను మొలిపించేది. ఆ లంకలోని ముసలిదాని తోక గట్టు మీద నుంచే కనిపించేంత పొడవు.