ఎలుక బాగుంటే బిడ్డా బాగుంటుందా? నాకౌట్ ఎలుకలపై అపోహలు, వాస్తవాలు

పోయిన వేసవిలో ఆదోని దగ్గరి పల్లె నుంచి ఒక జంట కర్నూలులోని నా గదికి వచ్చింది. మేనరికం. మొదటి బిడ్డ మెదడు కణాలను దెబ్బతీసే టే-శాక్స్ అనే వంశపారంపర్య జబ్బుతో మూడో ఏట పోయింది. ఇద్దరూ క్యారియర్లని, అంటే ఆ జన్యువు ఒక ప్రతిలో తేడా ఉన్నా తాము బాగుండేవాళ్లని, అప్పుడే తేలింది. మళ్లీ నెల తప్పితే 11వ వారం దాటగానే పరీక్షకు రమ్మని రాసిచ్చాను. వచ్చింది ఐదో నెలలో. ఎందుకింత ఆలస్యమని అడిగితే, అతను ఫోనులో బావమరిది పంపిన సందేశం చూపించాడు: "ఆ జన్యువును ఎలుకల్లో పూర్తిగా తీసేశారు, వాటికేమీ కాలేదు. డాక్టర్లు ఊరికే భయపెడుతున్నారు."

అందులో మొదటి వాక్యం నిజమే. నా కోపమంతా అందుకే.

అపోహ: జన్యువు లేని ఎలుకకు ఏమీ కాకపోతే మనిషికీ ఏమీ కాదు.

వాస్తవం: టే-శాక్స్‌కు మూలమైన హెక్స్‌ఏ జన్యువు లేని ఎలుకలను 1990ల మధ్యలో తయారుచేశారు. ఇలా ఒక జన్యువును పనిచేయకుండా చేసిన ఎలుకలనే నాకౌట్ ఎలుకలంటారు. ఏడాది నిండినా అవి దాదాపు మామూలుగానే తిరిగాయి. మెదడు కణాల్లో పేరుకునే జీఎం2 అనే కొవ్వును వదిలించుకోవడానికి ఎలుకకు ఇంకో మార్గం ఉంది. సియాలిడేజ్ ఎంజైమ్ దాన్ని కొంత కత్తిరించి ఇస్తే, మిగతా పని హెక్స్‌బీ ఎంజైమ్ చూసుకుంటుంది. పెద్ద కాలువ పూడినా పిల్లకాలువలో నీళ్లు పారినట్టు. మనిషిలో ఆ పిల్లకాలువ ఉన్నా లేనట్టే. హెక్స్‌బీ జన్యువును తీసేస్తే ఎలుకలో రెండు కాలువలూ మూసుకుపోతాయి, అప్పుడవి కొన్ని నెలలకే కదల్లేక చనిపోయాయి. ఆ జన్యువులు ఏ పని చేస్తాయో తెలిసింది ఇలాగే. అందులో మీ బిడ్డ జాతకం వెతకకండి.

అసలు "ఏమీ కాలేదు" అన్న మాటే నాకు అనుమానం. పరిశోధన రోజుల్లో నేను పెంచిన నాకౌట్ ఎలుకలు రెండేళ్లపాటు బంగారంలా ఉన్నాయి. ఈ జన్యువుకు పనే లేదని రాసేద్దామనుకున్నాను. ఒకరోజు వాటిని చల్లటి గదిలో పెట్టాం. కొన్ని గంటల్లోనే ఒళ్లు చల్లబడి ముడుచుకుపోయాయి. అప్పటిదాకా మేం వాటిని ఆ ప్రశ్న అడగలేదు, అంతే.

అపోహ: ఎలుక చనిపోయిందంటే నా బిడ్డా బతకదు.

ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఒక తల్లి తన పాప జన్యు పరీక్ష రిపోర్టును కొంగులో చుట్టుకుని తెచ్చింది. అందులో ఉన్న జన్యువు లేని ఎలుకలు చనిపోయాయని తెలిసి రెండు రాత్రులు నిద్రపోలేదట. అమ్మా, మీ పాపకు ఆ జన్యువు ఒక ప్రతిలోనే తేడా ఉంది, రెండోది బాగుంది, ఈ జన్యువుకు ఒక్కటి చాలు అన్నాను. ఎలుకల్లో తీసేసింది రెండు ప్రతులూ. 2016లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనంలో 1,751 జన్యువులను వేర్వేరు ఎలుకల్లో ఒక్కొక్కటిగా పనిచేయకుండా చేస్తే, వాటిలో 410 లేనిదే ప్రాణం నిలవదని తేలింది. మరి రెండు ప్రతులూ లేని ఆ పిల్లలు పుట్టింది ఎవరికి? సాధారణంగా ఒక్క ప్రతితో తిరుగుతున్న తల్లిదండ్రులకే. ఆ మాటకు ఆమె మొదటిసారి నీళ్లు తాగింది.

మిగతావి గబగబా. ఇంట్లో తిరిగే ఎలుకలకు మందు పెట్టి చేసే పని కాదిది. పిండ మూలకణంలోనే జన్యువును చెడగొడతారు. 1989లో మొదలైన ఈ విద్యకు 2007లో కపెకీ, ఎవాన్స్, స్మితీస్‌లకు నోబెల్ వచ్చింది. ఇప్పుడు క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో పని తేలికైంది. ఒక రకం ఎలుకలో చూస్తే సరిపోతుందనేదీ తప్పే. ఈజీఎఫ్ఆర్ అనే జన్యువు లేని ఎలుక పిల్లలు ఒక రకంలో పిండంగానే పోతే, మరో రకంలో పుట్టి మూడు వారాల వరకూ బతికాయి. మన సీమ మేనరికాలను అందరూ ఆడిపోసుకుంటారు గానీ, ప్రయోగశాల ఎలుకల శుద్ధ వంశాలు 20 తరాలకు పైగా అన్నాచెల్లెళ్ల సంతానం!

ఆదోని జంటకు ఉమ్మనీరు పరీక్ష చేయించాం. ఫలితానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ ఆమెకు అన్నం సహించలేదు. చివరికి బిడ్డ క్యారియర్ మాత్రమేనని వచ్చింది. సాయంత్రం బావమరిది ఫోను చేశాడు. "చెప్పాను కదా మేడమ్, ఏమీ కాదని" అన్నాడు. ప్రతి కాన్పులో నాలుగింట మూడు వంతులు దక్కే అదృష్టాన్ని ఎలుకల ఖాతాలో రాసేశాడు.