షట్‌డౌన్ అపోహలు - వాస్తవాలు: మూసిన వాల్వును నమ్మకండి

మా ప్లాంటులో షట్‌డౌన్ తేదీ బయటకు పొక్కగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. మొన్న కాంట్రాక్టులో పనిచేసే వెల్డర్ భార్య చేసింది. "అన్నా, ప్లాంటు మూసేస్తున్నారంట కదా, పిల్లల ఫీజులు కట్టాలి, ఆయన్ని వేరే చోట పని చూసుకోమంటారా?" అని. ఆ గొంతులో టెన్షన్ వింటే బాధేసింది. ఇలాంటి పుకార్లు పుట్టించేవాళ్ల మీద ఒళ్లు మండింది.

షట్‌డౌన్ అంటే మూత కాదమ్మా. బాయిలర్‌ను ఆపి, చల్లార్చి, ఇన్‌స్పెక్టర్‌కు చూపించి సర్టిఫికెట్ తీసుకోవడం చట్టం అడిగే పని. వెల్డర్లకు అసలు గిరాకీ అప్పుడే. ఇదే ఆమెకు చెప్పాను.

ఆమె నిజంగా భయపడాల్సిన మాట వేరే ఉంది. అది ఆమె భర్త నోటే విన్నాను: "ఇప్పుడేం భయం సార్, ప్లాంటు ఆగింది కదా!"

ఇదీ మనుషుల ప్రాణాలు తీసే అపోహ. ప్లాంటు నడుస్తున్నప్పుడు ఆవిరి, గ్యాస్, యాసిడ్ అన్నీ పైపుల్లో ఉంటాయి, మనుషులు దూరంగా ఉంటారు. షట్‌డౌన్‌లో ఆ పైపులనే విప్పుతాం. ఆ ట్యాంకుల్లోకే మనిషిని పంపుతాం, అదీ చేతిలో వెల్డింగ్ టార్చ్ పెట్టి. యంత్రం ఆగినంత మాత్రాన లోపలి సరుకు ఊరుకోదు. 2020 మే 7న విశాఖ ఆర్‌.ఆర్‌. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ప్లాంటు నుంచి స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీకి వాడే రసాయనం) ఆవిరి కమ్మేసి 12 మంది చనిపోయారు. ఆ ప్లాంటు లాక్‌డౌన్‌లో ఆగే ఉంది. ట్యాంకులో నిల్వ ఉన్న స్టైరీన్ మాత్రం లోలోపల వేడెక్కుతూ పోయింది.

"వాల్వ్ మూశాం కదా" అన్న మాట ఇంకా ప్రమాదం. సీటు దగ్గర, అంటే వాల్వ్ లోపల మూత ఆనే చోట, చిన్న తుప్పు ముక్క ఇరుక్కుంటే చాలు, వాల్వ్ పూర్తిగా పట్టదు. లైనును నిజంగా తెగ్గొట్టేది బ్లైండ్, అంటే రెండు ఫ్లాంజ్‌ల (పైపులను బోల్టులతో కలిపే అంచుల) మధ్య బిగించే ఇనుప పలక.

నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, వేరే ఊళ్లో, ఒక కండెన్సేట్ లైను (ఆవిరి చల్లబడి నీరైనది పోయే పైపు) విప్పాలి. వాల్వ్ మూసి ఉంది, గేజ్ సున్నా చూపిస్తోంది. "విప్పేయండి" అన్నాను. పెద్ద ఫిట్టర్ తన వైపు బోల్టు ముట్టుకోలేదు. పక్కకు జరిగి నిలబడి, అవతలి వైపు బోల్టు కాస్త వదులు చేశాడు, నట్టు మాత్రం తీయలేదు. సందులోంచి బుస్సుమని మరిగే నీళ్లు అవతలి గోడకు కొట్టాయి. గేజ్‌కు వెళ్లే సన్న గొట్టం మడ్డితో పూడుకుపోయి ఉందని తర్వాత తేలింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "డ్రెయిన్ తెరిచి చూద్దాం సార్" అన్నాడు, అంతే. అప్పటి నుంచి బ్లైండ్ లిస్టు పట్టుకుని లైను వెంట నడిచి చూడకుండా నేను ఏ పర్మిట్ (పని మొదలుపెట్టడానికి ఇచ్చే రాత అనుమతి) మీదా సంతకం పెట్టలేదు.

"వాసన రావట్లేదు, ట్యాంకులోకి దిగొచ్చు" అనేది ఇంకొకటి. నైట్రోజన్‌కు రంగూ వాసనా ఉండవు, ఊపిరాడట్లేదని కూడా తెలియదు. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం ఉంటుంది, 19.5 కన్నా తగ్గితే మనిషిని దించకూడదు. అంతా నైట్రోజనే ఉన్న ట్యాంకులోకి దిగితే రెండు మూడు శ్వాసల్లో కూలిపోతాడు. అది చూసి తట్టుకోలేక తోటివాడు దూకుతాడు. అతనూ పడిపోతాడు. దయచేసి దూకకండి. అలారం కొట్టండి, బ్రీతింగ్ సెట్ (ఊపిరికి గాలినిచ్చే పరికరం) ఉన్నవాళ్లనే దిగనివ్వండి. లోపలి గాలిని టెస్ట్ చేసి రాతపూర్వకంగా సర్టిఫికెట్ ఇవ్వాలని, లోపలికి తీసుకెళ్లే దీపం 24 వోల్టులు మించకూడదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. పొద్దున చేసిన టెస్ట్ భోజనం తర్వాత పనికిరాదు.

షిఫ్టు మారేటప్పుడు "రిజిస్టర్‌లో రాశాంలే, చూసుకుంటారు" అనుకోవడమూ అంతే. 1988 జులై 6న నార్త్ సీలోని పైపర్ ఆల్ఫా అనే చమురు వేదికపై ఒక పంపు సేఫ్టీ వాల్వ్‌ను రిపేరుకు తీశారు. ఆ సంగతి రాత్రి షిఫ్టుకు చేరలేదు. వాళ్లు పంపు నడిపారు. వాల్వ్ చోట లీకు ఆగేలా బిగించకుండా పెట్టిన బ్లైండ్ ఫ్లాంజ్ (మూత పలక) దగ్గర లీకై అంటుకుంది. 167 మంది పోయారు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. షట్‌డౌన్ పని ఆ రోజు మొదలవ్వదు, నెలల ముందే స్పేర్లు ఆర్డరు పెట్టాలి. చేతికందిన ప్రతిదీ విప్పితే మంచిదనేదీ తప్పే, బాగున్నదాన్ని విప్పి కొత్త లీకు తెచ్చుకుంటాం. రెండు రోజులు ముందే ముగించామని గొప్పలు చెప్పేవాళ్లను నేను ఒక్కటే అడుగుతాను: వేసిన బ్లైండ్లు ఎన్ని, తీసినవి ఎన్ని?

ఆ వెల్డర్ భార్యకు మళ్లీ నేనే ఫోన్ చేశాను. పని పోదని ఇంకోసారి చెప్పి, ట్యాంకులోకి దిగేముందు రెండు ప్రశ్నలు అడగమని ఆయనకు చెప్పమన్నాను: బ్లైండ్ ఎక్కడ వేశారు, గ్యాస్ టెస్ట్ ఎన్ని గంటలకు చేశారు. "అడిగితే పనిలోంచి తీసేయరు కదా అన్నా?" అంది. నా పర్మిట్ మీద అడిగినవాణ్ని ఇంతవరకు తీయలేదు, తీయనివ్వను కూడా అన్నాను.